సోలెడు కారం ఎన్ని గ్రాములు?

మస్కట్‌లో మే నెల వచ్చిందంటే అల్ ఖువైర్‌లోని తెలుగువాళ్ళ ఇళ్ళలో రెండు రకాల సంభాషణలు మొదలవుతాయి. ఒకటి, సెలవులకి ఇండియా టికెట్లు ఎప్పుడు తీసుకోవాలన్నది. రెండోది, ఆవకాయ ఇక్కడే పెట్టుకోవాలా, వెళ్ళినప్పుడు తెచ్చుకోవాలా అన్నది. మొదటిదానికి ఇంటర్నెట్‌లో సమాధానం దొరుకుతుంది. రెండోదాని గురించే ఈ వ్యాసం. వంటల శీర్షికలో రావాల్సింది సాంకేతిక శీర్షికలోకి ఎలా వచ్చిందని కంగారుపడకండి. ఇందులో బైనరీ లెక్కలున్నాయి, సెన్సర్లున్నాయి, ఇంధనం అయిపోయి ఆకాశంలో ఆగిపోయిన విమానం కూడా ఉంది. ఆవకాయ కాస్త ఎక్కువే ఉంది.

రెండు జాడీల కథ

మా అమ్మ రాజమండ్రిలో ఉంటుంది. డెబ్భై దాటాయి. 2014లో మా దగ్గరకి వచ్చినప్పుడు తన ఇత్తడి సోలని సూట్‌కేసులో పెట్టుకుని వచ్చింది. వెళ్ళేటప్పుడు "ఇక్కడే ఉండనీ, వచ్చినప్పుడల్లా మొయ్యలేను" అని వదిలేసింది. కొన్నేళ్ళు తనే వచ్చి పెట్టింది. తర్వాత మోకాళ్ళ నొప్పులతో ప్రయాణాలు మానేసింది. 2022లో మొదటిసారి నేను ఒంటరిగా రంగంలోకి దిగాను. ఫోన్ చేసి కొలతలు అడిగితే అమ్మ ఒక్క వాక్యంలో తేల్చేసింది.

"మానికెడు ముక్కలకి సోలెడు కారం, సోలెడు ఆవపిండి, అరసోలెడు ఉప్పు, సోలెడు నూనె. ఇంతే కదరా, దీనికి రాసుకోడం కూడా ఎందుకు?"

మానిక మా ఇంట్లో లేదు. మానికంటే నాలుగు సోలలు కాబట్టి, ఒక స్టీలు గిన్నెలో నాలుగు సోలల నీళ్ళు పోసి, ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు పెట్టుకున్నాను. ఇంజనీరుని కదా! మిగతాదంతా అమ్మ చెప్పినట్టే చేశాను. నాలుగో రోజు ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పుకషాయం. మా ఆవిడ ఏమీ అనలేదు, పెరుగు గిన్నె నా వైపు జరిపింది.

అమ్మకి చెబితే నవ్వింది. "ప్యాకెట్టు ఉప్పు పోశావా? ఆవకాయలో రాళ్ళుప్పు వెయ్యాల్రా!"

2023లో రాళ్ళ ఉప్పు కొన్నాను. అరసోల నిండా కొలిచి ముక్కల్లో కలిపేశాను. ఈసారి ఇంట్లోని చిన్న కత్తితో ముక్కలు చిన్నచిన్నగా కోశాను, పిల్లలకి వీలుగా ఉంటాయని. పన్నెండో రోజు జాడీ మూత తీస్తే పైన తెల్లగా బూజు. ఒక పొర తీసేసి తిందామా అని కాసేపు తటపటాయించాం. చివరికి మొత్తం సంచిలో కట్టి బయట పడేశాను. అయిదు వందల మీటర్లు కూడా లేని ఆ చెత్త తొట్టి దాకా నడక చాలా దూరం అనిపించింది. పోయింది డబ్బు కాదు, ఆ ఏడాది ఆవకాయ. మళ్ళీ పెట్టడానికి కాయలు లేవు.

ఈసారి అమ్మ నవ్వలేదు. "రాళ్ళుప్పు దంచి వేశావు కదూ?" అంది.

దంచాలని చెప్పలేదు. తనకి అది చెప్పాల్సిన విషయమని తోచనే లేదు. మన వృత్తిలో దీన్ని స్పెసిఫికేషన్‌లో రాయని ఊహ అంటాం. రాసినవాడికి కనబడదు, చదివినవాడి నెత్తిన పడుతుంది.

ఒకే సోల, మూడు ఉప్పులు

ఆ శుక్రవారం వంటింటి గట్టు మీద ఒక ప్రయోగశాల వెలిసింది. అయిదు కిలోల దాకా తూచే, ఒక గ్రాము తేడా చూపించే మామూలు డిజిటల్ కాటా ఒకటి కొన్నాను. ముందుగా సోల ఎంతో తేల్చుకోవాలి. ఖాళీ సోల కాటా మీద పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్ళు పోస్తే 412 గ్రాములు చూపించింది. నీళ్ళ విషయంలో గ్రామంటే దాదాపు ఒక మిల్లీలీటరు. మస్కట్ కుళాయి నీళ్ళు వేసవిలో చల్లగా ఉండవు కాబట్టి కాస్త తేడా వస్తుంది. 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు 996 గ్రాములే. మన పనికి ఆ తేడా లెక్కలోకి రాదు. మా అమ్మ సోల 412 మిల్లీలీటర్లు అనుకుందాం.

ఇప్పుడు అరసోల ఉప్పు, మూడు రకాలుగా:

ప్యాకెట్టు సన్న ఉప్పు: 249 గ్రాములు.
ఎండబెట్టి దంచిన రాళ్ళ ఉప్పు: 214 గ్రాములు.
దంచని రాళ్ళ ఉప్పు: 185 గ్రాములు.

మూడూ ఒకే పదార్థం. ఉప్పు స్ఫటికం సాంద్రత ఎక్కడైనా ఒకటే, నీటికి రెండు రెట్లకి కాస్త ఎక్కువ. తేడా అంతా రాళ్ళ మధ్య ఉన్న గాలిది. సోలతో కొలిచినప్పుడు మనం ఉప్పుతోపాటు గాలిని కూడా కొలుస్తున్నాం. గాలి ఎంతో రాయి పరిమాణాన్ని బట్టి, తేమని బట్టి, సోలని గట్టుకేసి ఎన్నిసార్లు తట్టామన్నదాన్ని బట్టి మారుతుంది. ఆవపిండి సంగతి ఇంకా అన్యాయం. అప్పుడే మరపట్టి వదులుగా పోస్తే సోలెడు 190 గ్రాములు వచ్చింది, అదే పిండిని చేత్తో అదిమితే 250 దాటింది.

ముక్కల్నీ వదల్లేదు. పెద్ద ముక్కలు ఆ గిన్నె గుర్తుదాకా పోస్తే సుమారు 950 గ్రాములు తూగాయి. నేను 2023లో కోసినంత చిన్నవైతే సందులు తగ్గిపోయి 1,120 దాకా వచ్చాయి. ఇప్పుడు లెక్క చూడండి. అమ్మ కొలతలో ఉప్పు ముక్కల బరువులో 22.5 శాతం. 2022లో నేను వేసింది 26.2 శాతం. 2023లో 16.5 శాతం. రెండోసారి రెండు తప్పులూ ఒకే దిక్కుకి లాగాయి: ఉప్పు తగ్గింది, ముక్కలు పెరిగాయి. అమ్మ కొలతతో పోలిస్తే నాలుగోవంతుకి పైగా ఉప్పు కొరవడింది.

ఈ ఉప్పు రుచి కోసం మాత్రమే కాదు. పచ్చి మామిడికాయలో ఎక్కువ భాగం నీరే. ఉప్పు నూనెలో కరగదు, ఆ నీటిలోనే కరుగుతుంది. అలా కరిగి, సూక్ష్మజీవులకి ఆ నీరు అందకుండా చేస్తుంది. పైన నూనె గాలిని ఆపుతుంది, కాయ పులుపు తన వంతు చేస్తుంది. ఈ ముగ్గురిలో ఒకరు తగ్గితే మిగిలిన ఇద్దరి మీద భారం పడుతుంది. బూజుకి నా ఉప్పొక్కటే కారణమని ప్రమాణం చెయ్యలేను, గరిటె తడి కూడా అయ్యుండొచ్చు. కానీ ఇంత లోటు పెట్టుకుని గరిటెని నిందించడం న్యాయం కాదు.

మన తాతలు బైనరీలో కొలిచారు

ఇంతకీ ఈ సోల ఎక్కడిది? మా గోదావరి వైపు లెక్క ఇలా ఉండేది. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. అన్నీ రెండు, నాలుగు రెట్లే. కూడుకుంటూ పోతే తూముకి 256 గిద్దలు. మన భాషలో చెప్పాలంటే గిద్ద ఒకటైతే తూము రెండు టు ది పవర్ ఎనిమిది! ఆ తర్వాత ఇరవై తూములు ఒక పుట్టి అనేసి లెక్క పాడుచేశారనుకోండి, అది వేరే సంగతి.

ఇది యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ధాన్యాన్ని పదో భాగం చెయ్యాలంటే కష్టం, సగం చెయ్యడం ఎవరికైనా వచ్చు. రెండు ఒకేలాంటి పాత్రల్లో సమంగా పోస్తే సరి. తక్కెడ అక్కర్లేదు, తూనికరాళ్ళు అక్కర్లేదు. కళ్ళంలో వందల బస్తాల ధాన్యం పంచుకోవడానికి ఘనపరిమాణమే తేలిక. బంగారం, బెల్లం, చింతపండు లాంటివి మాత్రం తూచేవారు: తులం, పలం, వీశ, మణుగు. వీశంటే 120 తులాలు, అంటే ఇప్పటి లెక్కలో 1.4 కిలోలు.

చిక్కేమిటంటే సోల అన్ని ఊళ్ళలోనూ ఒకటి కాదు. అందుకే 1956లో భారత ప్రభుత్వం తూనికలు, కొలతల చట్టం తెచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ పద్ధతి మొదలై, 1962 నాటికి పాత తూకాల స్థానంలో కిలో తప్పనిసరి అయింది. అంగడిలో సోల పోయింది. వంటింట్లో మాత్రం ఏ ఇనస్పెక్టరూ రాడు కాబట్టి అమ్మ చేతిలో మిగిలిపోయింది. తులం కూడా పూర్తిగా పోలేదు. మన మత్రా సూక్‌లో బంగారం గ్రాముల్లోనే అమ్ముతారు కానీ, గల్ఫ్ బంగారు వ్యాపారంలో పది తులాల కడ్డీ ఇప్పటికీ చలామణిలో ఉంది. సుమారు 116.64 గ్రాములు.

ఇక్కడి వాళ్ళకీ ఇదే చిక్కు ఉంది. రంజాన్ చివర ప్రతి ఇంటివాళ్ళూ తలకి ఒక సా చొప్పున ధాన్యం దానం చేస్తారు. సా అంటే బరువు కాదు, కొలపాత్ర. నాలుగు ముద్‌లు ఒక సా. ముద్ అంటే మామూలు మనిషి రెండు చేతులూ చేర్చి పట్టినంత, అంటే అచ్చంగా మన దోసెడు! ఇప్పుడు బియ్యం కిలోల సంచుల్లో వస్తుంది కాబట్టి సాని కిలోల్లోకి మార్చుకోవాలి. ధాన్యం రకాన్ని బట్టి సుమారు రెండున్నర నుంచి మూడు కిలోల దాకా చెబుతారు. ఒకే పాత్రలో బియ్యం, ఖర్జూరం, పిండి ఒకే బరువు తూగవు కదా. ఆఫీసులో నా పక్క సీటు ఒమానీ మిత్రుడికి నా ఉప్పు గొడవ చెబితే వెంటనే అర్థమైంది. "మా సా కథే ఇది" అన్నాడు.

కప్పు అంటే ఏ కప్పు?

సోల వదిలేసి కప్పుతో కొలుద్దామా అంటే అక్కడా సుఖం లేదు. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. అదే దేశంలో ఆహార పొట్లాల మీద పోషకాల లెక్కకి వాడే కప్పు 240. ఆస్ట్రేలియా కప్పు 250. రైస్ కుకర్‌తో ఇచ్చే ప్లాస్టిక్ కప్పు 180, అది జపాన్ వాళ్ళ పాత బియ్యం కొలత గో నుంచి వచ్చింది. పెద్ద చెంచా అమెరికాలో 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాలో 20. మనవాళ్ళు డల్లాస్‌లో ఉన్న వదినగారి కేక్ కొలతల్ని మెల్‌బోర్న్ చెంచాతో, రైస్ కుకర్ కప్పుతో అల్ ఖువైర్‌లో ప్రయత్నించి, ఓవెన్‌ని తిడుతూ ఉంటారు.

అమెరికాలో కప్పుల పద్ధతి స్థిరపడడంలో ఫానీ ఫార్మర్ పాత్ర పెద్దది. 1896లో వచ్చిన తన బోస్టన్ కుకింగ్ స్కూల్ వంటల పుస్తకంలో, కప్పు నింపి పైభాగాన్ని కత్తితో సమంగా గీసెయ్యాలని గట్టిగా చెప్పింది. అంతకుముందు పుస్తకాల్లో వెన్న కోడిగుడ్డంత, ఉప్పు చిటికెడు అని ఉండేది. ఆ రోజుల్లో అది పెద్ద సంస్కరణే. అయినా మైదా కప్పుని చెంచాతో వదులుగా నింపితే సుమారు 120 గ్రాములు, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా వస్తుంది. పైన గీశాం సరే, లోపల గాలి సంగతో?

ఘనపరిమాణాన్ని బరువులోకి మార్చేటప్పుడు జరిగే పొరపాటు ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక విమానం కథ ఉంది. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ బయలుదేరింది. ట్యాంకులో ఇంధనం చూపించే మీటర్ పని చెయ్యడంలేదు. కొలకర్రతో లీటర్లు కొలిచి, కిలోల్లోకి మార్చారు. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. లీటరుకి 0.8 కిలోలని గుణించాల్సిన చోట 1.77తో గుణించారు. 1.77 అన్నది లీటరుకి ఎన్ని పౌన్లో చెప్పే సంఖ్య. ఆ కంపెనీ అప్పుడే మెట్రిక్‌కి మారుతోంది, కాగితం మీద సంఖ్య ఉంది కానీ దాని పక్కన ప్రమాణం లేదు. ఫలితంగా కావలసినదాంట్లో సగం కూడా లేకుండా ఎగిరింది. 41 వేల అడుగుల ఎత్తున ఇంజన్లు ఆగిపోయాయి. పైలట్ గ్లైడర్లు నడిపిన అనుభవం ఉన్నవాడు కాబట్టి గిమ్లీ అనే చోట ఒక పాత వైమానిక స్థావరంలో దింపగలిగాడు, అందరూ బతికారు.

ప్రోగ్రాములో వేరియబుల్ పేరు "వెయిట్" అని పెట్టి, కిలోలో పౌన్లో రాయకుండా వదిలేసే ప్రతివాళ్ళమూ ఆ కాగితం రాసినవాళ్ళమే. "అరసోలెడు ఉప్పు" అని చెప్పి ఏ ఉప్పో చెప్పకపోవడం కూడా అదే కోవలోది.

కాటా లోపల ఏముంది?

ఇక కాటా సంగతి. వంటింటి డిజిటల్ కాటాలో స్ప్రింగు ఉండదు. ఒక చిన్న అల్యూమినియం దిమ్మ ఉంటుంది, దాని మీద సన్నటి లోహపు తీగల పట్టీలు అంటించి ఉంటాయి. వీటిని స్ట్రెయిన్ గేజ్‌లు అంటారు. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఇద్దరూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వీటిని కనిపెట్టారు. బరువు పెడితే దిమ్మ కంటికి కనబడనంత వంగుతుంది, పట్టీ సాగుతుంది, దాని విద్యుత్ నిరోధం రవ్వంత మారుతుంది. ఆ రవ్వని పట్టుకోవడానికి మనం కాలేజీ ల్యాబ్‌లో చేసి మర్చిపోయిన వీట్‌స్టన్ బ్రిడ్జి వాడతారు.

ఆ రవ్వ ఎంతో చూడండి. పూర్తి బరువు పెట్టినప్పుడు ఇలాంటి సెన్సర్ ఇచ్చే సంకేతం, ఇచ్చిన ప్రతి వోల్టుకీ ఒక మిల్లీవోల్టు అనుకుందాం. 3 వోల్టుల బ్యాటరీకి 3 మిల్లీవోల్టులు. దాన్ని 5,000 గ్రాములకి పంచితే గ్రాముకి 0.6 మైక్రోవోల్టు. అంటే వోల్టులో పది లక్షల వంతులో దాదాపు సగం! వంటింటి సామానులో ఇంత సున్నితమైన కొలత చవగ్గా దొరకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంత సున్నితం కనకే కొన్ని పేచీలు. వేడికి సున్నా జరుగుతుంది, అందుకని మే నెల ఎండలో కారులో వదిలేసిన కాటాని తెచ్చి వెంటనే తూచకూడదు. ఆ జరుగుడుని సరిచెయ్యడానికి చాలా కాటాల్లో సాఫ్ట్‌వేర్ ఒక పని చేస్తుంది: సున్నా దగ్గర అంకె నెమ్మదిగా మారుతుంటే అది బరువు కాదు, వేడి ప్రభావమేనని అనుకుని తిరిగి సున్నా చేసేస్తుంది. కాబట్టి ఖాళీ గిన్నెకి సున్నా కొట్టి, చిటికెడు చిటికెడుగా ఇంగువ రాలిస్తే రెండు మూడు గ్రాములు మింగేసి ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. విరుగుడు తేలిక. ఇంగువ డబ్బానే కాటా మీద పెట్టి సున్నా చేసి, డబ్బాలోంచి తీసి, డబ్బాని మళ్ళీ పెట్టండి. ఎంత తగ్గిందో మైనస్ గుర్తుతో చూపిస్తుంది.

భూమ్యాకర్షణ కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర సరిచేసిన కాటాని మస్కట్ తెస్తే, కిలోకి దాదాపు 2 గ్రాములు తక్కువ చూపిస్తుంది. భయపడక్కర్లేదు. వంటంతా నిష్పత్తులే కాబట్టి, అన్నిటినీ ఒకే కాటాతో తూచినంతకాలం ఆ తేడా కొట్టుకుపోతుంది.

ఏది తూచాలి, ఏది కొలవాలి?

కాటా కొన్న కొత్తలో నాకు పిచ్చి పట్టింది. మెంతులు తూచాను, పసుపు తూచాను. మా ఆవిడ "టీలో చక్కెర కూడా తూస్తారా?" అనేదాకా వెళ్ళింది వ్యవహారం. తర్వాత తెలిసొచ్చింది, అన్నీ తూచడం కూడా తప్పే.

మన భాషలో చెబుతాను. కాటా ఫిక్స్‌డ్ పాయింట్ లాంటిది, దాని తప్పు ఎప్పుడూ ఒక గ్రాము అటూ ఇటూ. 950 గ్రాముల ముక్కల్లో ఒక గ్రాము లెక్కే కాదు. 3 గ్రాముల పసుపులో ఒక గ్రామంటే మూడోవంతు. చెంచా ఫ్లోటింగ్ పాయింట్ లాంటిది, చిన్నదైనా పెద్దదైనా తప్పు ఓ పది పదిహేను శాతం. కాబట్టి పెద్ద మొత్తాలకీ, పిండికీ, ఉప్పుకీ కాటా వాడాలి. పసుపు, ఇంగువ, మెంతులకి చెంచా. నీళ్ళు, నూనెల మధ్య గాలి దూరదు కాబట్టి ఎలాగైనా ఒకటే, నూనె నీళ్ళకన్నా తేలికని గుర్తుంచుకుంటే చాలు. ఇడ్లీకి మినప్పప్పు, బియ్యం ఒకటికి రెండు అని గ్లాసుతో కొలిచినా ఇబ్బంది లేదు. రెండూ గింజలే, రెండింట్లోనూ గాలి ఇంచుమించు ఒకేలా ఉంటుంది, నిష్పత్తిలో పోతుంది. బియ్యం బదులు రవ్వ వాడినప్పుడే జాగ్రత్త.

అమ్మ చెయ్యి ఎంత కచ్చితం?

2024 మేలో సోలనీ కాటానీ రెండిటినీ సూట్‌కేసులో పెట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. అమ్మ మూడు జాడీలు పెట్టింది: మాకొకటి, చెల్లికొకటి, తనకొకటి. నేను పక్కన కూర్చుని, తను కొలిచిన ప్రతిదాన్నీ కలపబోయే ముందు తూచాను.

"ఏవిట్రా, నన్ను నమ్మవా?" అంది.

"నమ్మకం లేక కాదమ్మా, నాకు చేతకాక."

నా అంచనా, మూడింటికీ పది పదిహేను శాతం తేడా వస్తుందని. వచ్చిన అంకెలు ఇవి. ముక్కలు 938, ఉప్పు 209. ముక్కలు 961, ఉప్పు 219. ముక్కలు 952, ఉప్పు 214. శాతాల్లో 22.3, 22.8, 22.5. నేను కప్పులతో, గుర్తులతో ఎంత అవస్థపడ్డా రాని నిలకడ ఇది. రెండో జాడీకి అరసోల కొలిచాక ఒక ముక్క కొరికి చూసి, "పులుపెక్కువుంది" అంటూ మరో చిటికెడు పోసింది. ఆ పెరిగిన 0.3 శాతం తప్పు కాదు, నిర్ణయం.

అప్పుడు అర్థమైంది నా పొరపాటు. అమ్మ సోలతో కొలవడం లేదు. సోలతో మొదలుపెట్టి, కంటితో, చేత్తో, నాలుకతో సరిచేసుకుంటోంది. ఉప్పు తేమగా ఉంటే సోల పైన కాస్త గోపురం కడుతుంది, పొడిగా ఉంటే అంచుకి సమంగా తుడుస్తుంది. ఫీడ్‌బ్యాక్ ఉన్న వ్యవస్థకి కొలపాత్ర మోటుదైనా ఫరవాలేదు. నేను ఆ ఫీడ్‌బ్యాకంతా తీసేసి, మోటు పాత్ర ఒక్కదాన్నీ ఫోన్‌లో తెచ్చుకున్నాను. అనుభవం ఉన్నవాళ్ళకి సోల చాలు. లేనివాళ్ళకే గ్రాములు కావాలి.

1889 నుంచి 2019 దాకా ప్రపంచానికంతా కిలో అంటే పారిస్ దగ్గర భద్రపరచిన ఒక ప్లాటినం ఇరిడియం స్తూపం. దాని ప్రతుల్తో పోల్చి చూస్తే శతాబ్దంలో 50 మైక్రోగ్రాముల మేర తేడా కనబడింది. చివరికి 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా కిలోని నిర్వచించారు. వస్తువు పోవచ్చు, మారవచ్చు, సంఖ్య ఎక్కడున్నా పనికొస్తుంది. మా ఇంట్లో ఆ స్తూపం మా అమ్మ చెయ్యి. ఇన్నేళ్ళూ ఎవరం నకలు తీసుకోలేదు. ఆ ఏడాది తీసుకున్నాను. పాఠకులకి పనికొస్తుందని కిలో ముక్కలకి సరిచేసి ఇస్తున్నాను:

టెంకతో కోసిన, తడి తుడిచిన మామిడి ముక్కలు: 1,000 గ్రాములు
ఎండబెట్టి దంచిన రాళ్ళ ఉప్పు: 225 గ్రాములు
కారం: 185 గ్రాములు
ఆవపిండి: 200 గ్రాములు
నువ్వుల నూనె: 400 గ్రాములు
మెంతులు రెండు చెంచాలు, పసుపు ఒక చెంచా

తూస్తున్నాం కాబట్టి ఉప్పు దంచిందైనా, ప్యాకెట్టుదైనా 225 గ్రాములంటే 225 గ్రాములే. దంచినది సమంగా కలుస్తుంది, త్వరగా కరుగుతుంది, అందుకని దంచుకోండి. మూడో రోజు తిరగకలిపినప్పుడు రుచి చూడండి. ముక్కల పైకి నూనె తేలకపోతే ఇంకాస్త పోయండి.

తిరుగు ప్రయాణం

2025 మేలో అమ్మకి కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు పొయ్యి దగ్గరకీ, కారం దగ్గరకీ వెళ్ళొద్దన్నారు. నాకు ఊహ తెలిశాక ఆ ఇంట్లో ఆవకాయ పెట్టని మొదటి ఏడాది అది. ఫోన్‌లో ఆ మాట చెప్పలేదు, "ఈసారి కాయలు బాగాలేవట్రా" అంది.

ఆ వారమే ఇక్కడ, అల్ ఖువైర్‌లో కొత్తగా నిలబెట్టిన 126 మీటర్ల జెండా స్తంభం చూడ్డానికి జనం బారులు తీరారు. మేం బాల్కనీలో ఉప్పు ఎండబెట్టుకున్నాం. మస్కట్ ఎండకి ఒక పూట చాలు. 225, 185, 200, 400. కాటా చెప్పినట్టు కలిపాను. మూడో రోజు నాలుక చెప్పినట్టు ఓ అర చెంచా ఉప్పు చేర్చాను. నెల తిరిగినా బూజు లేదు. సెలవులకి కాకినాడ వెళుతున్న ఒక మిత్రుడి సామానులో, మూడు పొరల ప్లాస్టిక్ చుట్టి, ఒక జాడీ అమ్మకి పంపాను. అటునుంచి ఇటు రావడమే తెలిసిన ఆవకాయ మొదటిసారి ఇటునుంచి అటు వెళ్ళింది.

రెండు రోజుల తర్వాత ఫోన్ మోగింది.

"ఉప్పు సరిపోయింది నాన్నా. కారం కూడా." ఒక్క క్షణం ఆగింది. "ఆవ ఘాటు లేదు. ఎప్పటి పిండి అది?"

దొరికిపోయాను. ఆవపిండి కొట్లో కొన్నదే. ఎప్పుడు మరపట్టారో చూడలేదు. ఆవాల్లో ఘాటు ముందే ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు ఒక ఎంజైమ్ పనిచేసి ఆ ఘాటు నూనెని పుట్టిస్తుంది, అది ఆవిరైపోయే రకం. పిండి చేసి నిలవుంచితే ఆ శక్తి తగ్గిపోతూ ఉంటుంది. పాత పిండి 200 గ్రాములూ కొత్త పిండి 200 గ్రాములూ కాటా మీద ఒకటే, నాలుక మీద ఒకటి కాదు. బరువు ఎంతుందో కాటా చెబుతుంది, ఏముందో చెప్పదు.

నా పట్టికలో ఆ వరస దిద్దాను: "ఆవపిండి, అదే రోజు మరపట్టినది, 200 గ్రాములు." అమ్మ ఇన్నాళ్ళూ చెప్పాల్సిన అవసరం లేదనుకున్న ఇంకో మాట అలా కాగితం మీదకి వచ్చింది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి ఒకటే దారి, తను ఫోన్‌లో దొరికినంతకాలం తప్పులు చేస్తూ పంపించడం.

మీ ఇంట్లోనూ ఒక సోలో, గ్లాసో, చెయ్యి విరిగిన కాఫీ కప్పో ఉండే ఉంటుంది. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు దాన్ని నీళ్ళతో నింపి ఒక్కసారి తూచి రాసుకోండి. అయిదు నిమిషాల పని. ఆ తర్వాత ఆ చేతుల పక్కన ఒక పూట కూర్చోండి.